బండి గల్లీలోకి రావాలి

(ఆషాఢానికి ముందు ఆదివారం వారాసిగూడలో జరిగిన మా బస్తీ మీటింగ్‌లో ఒక పెద్దాయన మాట్లాడిన మాటలివి. ఆయన రిటైరైన బడి పంతులు, ముప్పై ఏళ్లుగా బోనాల చందా పుస్తకం పట్టుకుని తిరుగుతున్న మనిషి. ఆ రోజు రాలేనివాళ్ల కోసం ఫోన్ రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. రారు. రారని నాకు తెలుసు. బడిలో ఇన్నేళ్లు చూశాను, మొదటి బెంచీ ఎప్పుడూ ఖాళీయే. సరే, అక్కడే ఉండండి, వినబడితే చాలు. ఆ ఫ్యాను కొంచెం తగ్గించమ్మా, మైకులో గాలే వినిపిస్తోంది.

ఎజెండాలో మూడో పాయింటు నాది. ఈసారి బోనాలకి అమ్మవారి నైవేద్యాలు మోసే ఫలహారం బండి గల్లీలో తిప్పాలా, లేకపోతే మెయిన్ రోడ్డు మీద ఫంక్షన్ హాలు మాట్లాడుకుని అన్నీ అక్కడే కానిచ్చేద్దామా? హాలైతే పార్కింగ్ ఉంది, వాన పడినా టెన్షన్ లేదు, బాత్‌రూములు ఉన్నాయి, పర్మిషన్ల కిరికిరి తగ్గుతుంది. అన్నీ నిజమే, ఒక్కటి కూడా కాదనను. అయినా నా ఓటు ముందే చెప్పేస్తున్నా. బండి గల్లీలోకి రావాలి. ఎందుకు రావాలో చెప్పడానికి కమిటీవాళ్లు ఐదు నిమిషాలు ఇచ్చారు. అది ఐదు నిమిషాల్లో అయ్యే పని కాదని వాళ్లకీ తెలుసు, మీకూ తెలుసు. ఛాయ్ రాగానే ఆపేస్తా.

ముందు లండన్ ముచ్చట చెప్పాలి. నవ్వకండి, ఈయన మళ్లీ మొదలుపెట్టాడని. ఈసారి పని ఉండే చెప్తున్నా. మా అమ్మాయి అక్కడ ఉంటుంది కదా, ఆగస్టు నెలాఖరులో నేను వెళ్తే నాటింగ్ హిల్ కార్నివాల్ అని వెస్టిండీస్ వాళ్ల వీధి పండగ చూపిస్తానని తీసుకెళ్లింది. ఆదివారం, సోమవారం, రెండు రోజులు. పది లక్షల పైన జనం వస్తారట. అక్కడ దిగగానే నాకు మొట్టమొదట కనబడింది ఏంటో తెలుసా? డాన్సులు కాదు, ఈకల కిరీటాలు కాదు. ప్లైవుడ్! పెద్ద పెద్ద తెల్ల ఇళ్లు, ఒక్కోటి కోట్ల ఖరీదు, వాటి కిటికీలకీ తలుపులకీ ప్లైవుడ్ షీట్లు దిగ్గొట్టేసి ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లు రెండు రోజులూ ఊరొదిలి పోతారట. నాలుగు గుమ్మాల అవతల ఇంకొకాయనేమో తలుపు బార్లా తీసి, మా టాయిలెట్ వాడుకోవచ్చు, మనిషికి ఇంత, అని అట్టముక్క మీద రాసి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒకటే వీధి. నేనక్కడే నిలబడి మన గల్లీలో ఎవరు మేకులు కొట్టుకునే రకమో, ఎవరు కుర్చీ వేసుకునే రకమో లెక్కేసుకున్నా. పేర్లు చెప్పను లెండి.

ఇంకో సంగతి చూశా. రోడ్డు పక్కన ఇనప డ్రమ్ములు, నూనె వచ్చే పెద్ద డ్రమ్ములు, వాటిని నిలువునా సగానికి కోసి, బొగ్గులు పోసి కోడి కాలుస్తున్నారు. ఆ పొగలోంచి ఒక బండి వస్తోంది. బండి మీద అవే డ్రమ్ములు. కానీ వీటి మూతని గిన్నెలా లోపలికి సాగగొట్టి, సుత్తితో ఒక్కో స్వరానికి ఒక్కో చోటు తీర్చి, రబ్బరు చుట్టిన పుల్లలతో వాయిస్తున్నారు. స్టీల్ పాన్ అంటారు. నేను ఇనప చప్పుడు వస్తుందనుకున్నా. వానచుక్కలు గంటల మీద పడ్డట్టు వచ్చింది.

అది వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ వాళ్ల వాయిద్యం. అక్కడ చెరుకు తోటల్లో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు పనిచేసేవాళ్లు. 1834లో చట్టం మారింది, నిజంగా విడుదలయ్యేసరికి 1838. అంతకుముందు కార్నివాల్ అంటే దొరల పండగ, తోటల యజమానులు వేషాలు కట్టుకుని బంగళాల్లో ఆడుకునేది. విడుదలైనవాళ్లు దాన్ని కాగడాలతో వీధిలోకి తెచ్చారు. 1881లో పోలీసులు కాగడాలు ఆపబోతే పెద్ద కొట్లాటైంది. 1884లో డోలు కొట్టకూడదని చట్టం. డోలు లాక్కుంటే ఊరుకుంటారా? వెదురు బొంగులు పొడుగూ పొట్టీ కోసి నేలకేసి కొట్టారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, చెత్తడబ్బా మూతలు, ఆఖరికి నూనె డ్రమ్ములు. అదీ ఆ చప్పుడు వెనకున్న కథ.

అన్నా, మీరు శ్రద్ధగా వింటున్నారు కాబట్టి ఇంకోటి చెప్తా. అదే 1884లో, అదే ట్రినిడాడ్‌లో, మన దేశం నుంచి కూలికి పోయినవాళ్లు మొహర్రం ఊరేగింపు తీస్తే, పట్నంలోకి రావద్దని పోలీసులు తుపాకులు కాల్చారు. ఇరవై మంది దాకా పోయారు. ఆ ఊరేగింపులో ముస్లింలే కాదు, హిందువులు కూడా నడిచేవాళ్లు. మన పీర్ల పండగలో నడిచినట్టే. డబీర్‌పురా నుంచి ఏనుగు మీద బీబీ కా ఆలం చాదర్‌ఘాట్ దాకా వచ్చే రోజు రోడ్డు పక్కన ఎవరెవరు నిలబడతారో మీరు చూసే ఉంటారు. సర్కారుకి జనం వీధిలోకి వస్తే ఎప్పుడూ భయమే, అది ఏ దేశమైనా.

సరే, మళ్లీ నాటింగ్ హిల్‌కి వద్దాం. 1958లో అక్కడ తెల్ల కుర్రాళ్లు గుంపులుగా వచ్చి వెస్టిండీస్ వాళ్ల ఇళ్ల మీద పడ్డారు. రోజుల తరబడి గొడవలు. ఆ బస్తీల్లో మనుషులు మొహాలు వేలాడేసుకుని ఉంటే, క్లాడియా జోన్స్ అని ఒకావిడ, ట్రినిడాడ్‌లో పుట్టింది, పత్రిక నడిపేది, కార్నివాల్ చేద్దాం అంది. ఇళ్లు పగిలినోళ్లతో ఆ మాట! 1959 జనవరిలో చేసింది. చలికాలం కాబట్టి టౌన్ హాల్లో, లోపలే. ఆ రోజు అమ్మిన పుస్తకం మీద ఏమని వేసిందంటే, దీని డబ్బులో కొంత ఆ గొడవల్లో జరిమానాలు పడ్డ కుర్రాళ్ల కోసం అని. నల్ల కుర్రాళ్లకీ, తెల్ల కుర్రాళ్లకీ. ఇద్దరికీ! నేను ముప్పై ఏళ్లుగా చందా రాస్తున్నా. మనం చందా డబ్బుతో ఏం చేశాం? మైకు, లైట్లు, టెంటు, బిర్యానీ. మిగిలితే వచ్చే ఏడాదికి. ఎప్పుడైనా, గల్లీలో కొట్టుకున్న రెండు ఇళ్ల మధ్య ఈ డబ్బు పెట్టామా?

ఆవిడ 1964లో పోయింది, వీధి కార్నివాల్ చూడలేదు. వీధిలోకి వచ్చింది 1966లో. రౌన్ లాస్లెట్ అని ఇంకొకావిడ, బస్తీ పిల్లల కోసం సంబరం పెట్టింది. రసెల్ హెండర్సన్ అనే ఆయన్ని స్టీల్ బ్యాండు వాయించడానికి పిలిచారు. ఆయన కాసేపు ఉన్నచోటే వాయించాడు. తర్వాత ఏమనిపించిందో, పాన్ మెడకి తగిలించుకుని నడక మొదలుపెట్టాడు. నడుస్తుంటే జనం వెంటపడ్డారు. ఒక వీధి, ఇంకో వీధి. అంతే, అలా మొదలైంది అంతటి కార్నివాల్. ఆయన ఉన్నచోటే నిలబడి వాయించి ఉంటే చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవాళ్లు.

ఇప్పుడు అక్కడా ఇదే పంచాయితీ నడుస్తోంది. దీన్ని వీధుల్లోంచి తీసి హైడ్ పార్కులో పెట్టేద్దామని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. పార్కయితే సేఫు. కార్నివాల్ వాళ్లు ససేమిరా అంటున్నారు.

*హాలు ఏడాది*

మనం ఒకసారి హాల్లో చేశాం. గుర్తుందా? పైపుల కోసం గల్లీ అంతా తవ్విపెట్టి, పూడ్చకుండా పోయిన ఏడాది. ఎంత బాగా జరిగింది! నిజంగానే అంటున్నా. స్టేజీ వేశాం. పోతరాజు స్టేజీ మీద ఆడాడు. మనమంతా కవరు తొడిగిన కుర్చీల్లో కూర్చుని ఫోన్లు పైకెత్తి తీసుకున్నాం. అమ్మవారికిచ్చే రంగు కాగితాల తొట్టెల కూడా స్టేజీకే కట్టాం. ఎవరూ కొట్టుకోలేదు, ఎవరి కాళ్లూ ఎవరూ తొక్కలేదు, తొమ్మిదిన్నరకల్లా లైట్లు ఆఫ్.

నేను ఇంటికొస్తున్నా. గల్లీ చివర రేకుల ఇల్లు ఉంది కదా, ఆ గడపలో అవ్వ కూర్చుని ఉంది. మోకాళ్లు పోయాయి, గడప దాటి రాలేదు. పక్కన ఇత్తడి బిందె. నిండా పసుపు నీళ్లు, పైన వేపమండ తేలుతోంది. బోనం ఎత్తుకున్న ఆడబిడ్డ వస్తే కాళ్ల మీద నీళ్లు పోయాలి కదా. అమ్మవారు ఆమె మీదికి వస్తుంది, ఆ వేడి చల్లారాలి. ప్రతి ఏడాదీ మొదటి బిందె ఆ అవ్వదే. నన్ను చూసి, "సారూ, బోనాలు ఇంకా రాలె?" అంది.

ఏం చెప్పాలి? హాల్లో అయిపోయాయని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటే ఎవరు? చందా రాసుకోవడానికి ఆ గడపకి పోయింది నేనే. యాభై రూపాయలు కొంగు ముడి విప్పి ఇచ్చింది, రసీదు ఇచ్చాను. హాలు సంగతి చెప్పడం మర్చిపోయాను. మర్నాడు పొద్దున ఆ నీళ్లతో గడప కడుక్కుంటోంది. నన్ను చూసి తల తిప్పుకుంది.

నాకు ఇదే అర్థమైంది. బండి గల్లీలో తిరిగితే, రాలేనివాళ్ల దగ్గరికి పండగ పోతుంది. హాల్లో పెడితే, రాగలిగినవాళ్లకే పండగ. పరీక్షల పిల్లాడు కిటికీలోంచి ఒక చూపు చూసి మళ్లీ పుస్తకం పట్టుకుంటాడు. అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చినవాళ్లున్నారు, మీకూ చెప్తున్నా అమ్మా, మీ గేటు లోపల లాన్‌లో బతుకమ్మ ఆడుకుంటున్నారు, మంచిదే, ఫొటోలు కూడా చూశాను, ముచ్చటగా ఉంది. కానీ మీ వాచ్‌మన్ భార్య అందులో ఎక్కడుంది? నేను వెతికాను, కనబడలేదు.

ఇంకో మాట. నేను పండగ అందరినీ కలుపుతుంది, అందరం ఒకటే అని పాడను. మన డప్పు కొట్టేవాళ్లు బండికి ముందు నడుస్తారు. భోజనాల దగ్గరికి వచ్చేసరికి వెనక ఉంటారు. రెండేళ్ల కింద, వాళ్లకి ప్యాక్ చేసి ఇచ్చి పంపండి అన్నది మన కమిటీయే. ఆ మీటింగ్‌లో నేనూ ఉన్నా, నోరెత్తలేదు. హాల్లో అయితే ఇది కనబడదు, వెనక గేటు నుంచి పంపేస్తారు. గల్లీలో అయితే అందరి ముందూ జరుగుతుంది, సిగ్గుపడాల్సి వస్తుంది. ఈసారి మొదటి పంక్తి వాళ్లదే. దీన్ని ఇవాళ రాసుకోండి, కార్యదర్శి గారూ. రాశారా? చదవండి ఒకసారి. ఆఁ, సరిపోయింది.

ఈ కార్నివాల్ అన్న మాట ఎక్కడిదో తెలుసా? మాంసం పక్కన పెట్టడం అనే అర్థమున్న పాత ఇటలీ మాటల నుంచి వచ్చిందంటారు. క్రైస్తవులకి ఈస్టర్ ముందు నలభై రోజులు ఉపవాసాలు కదా, ఆ ఉపవాసాలు మొదలయ్యే ముందు తినేది తిని, ఆడేది ఆడేయడం. ఇది విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆషాఢంలో మనం చేసేదేంటి? గోల్కొండలో మొదలై, మన లష్కర్, అదే సికింద్రాబాద్, ఆ తర్వాత లాల్‌దర్వాజ, ఆదివారం ఆదివారం యాటలు, కోళ్లు. శ్రావణం రాగానే సగం ఇళ్లలో ముక్క బంద్. ఎవరూ ఎవర్ని చూసి నేర్చుకోలేదు. నోరు కట్టేసుకునే ముందు మనిషి ఎక్కడైనా ఒకేలా ఉంటాడేమో.

నోరంటే గుర్తొచ్చింది. బ్రెజిల్‌లో రియో అనే ఊళ్లో కార్నివాల్ మొదలయ్యేటప్పుడు మోమో రాజు అని ఒకడికి కిరీటం పెట్టి, మేయరు చేత ఊరి తాళంచెవి ఇప్పిస్తారు. ఉత్తుత్తి రాజు, ఉత్తుత్తి తాళంచెవి, అయినా ఇవ్వాల్సిందే. మనకి రంగం ఉంది. ఉజ్జయిని మహంకాళి గుడిలో సోమవారం పొద్దున పచ్చికుండ మీద ఒక ఆడమనిషి నిలబడి మాట్లాడుతుంది, ఎదురుగా మంత్రులూ, అధికారులూ చేతులు కట్టుకుని వింటారు. నాకు పూజలు సరిగ్గా చేస్తున్నారా అని నిలదీస్తుంది. మిగతా రోజుల్లో ఆమె మాట ఎవరైనా వింటారా? నమ్మకం సంగతి పక్కన పెట్టండి, అది ఎవరిది వారిది. ఒక్క పూట అయినా కిందివాళ్లు మాట్లాడితే పైవాళ్లు నిలబడి వినడం, అది నాకిష్టం.

రియో అన్నా కదా, అక్కడ 1984లో సాంబా బృందాల ఊరేగింపుకని సాంబాడ్రోమ్ కట్టారు, ఆస్కార్ నీమేయర్ డిజైన్. ఏడు వందల మీటర్ల బాట, రెండు పక్కలా కాంక్రీటు గ్యాలరీలు, టికెట్లు. టీవీలో మనం చూసే రియో అదే. అద్భుతంగా ఉంటుంది, కాదనను. కానీ టికెట్ కొనలేని జనం ఏం చేస్తున్నారు? బ్లోకో అంటారు, పేట పేటకీ ఒక బ్యాండు, టికెట్ లేదు, గ్యాలరీ లేదు, వీధి వెంట నడవడమే. అంత పెద్ద స్టేజీ కట్టినా మళ్లీ వీధిలోకే వచ్చారు.

*గల్లీ కష్టాలు*

ఇప్పుడు మీ మనసులో ఉన్నది నేనే అంటా. డీజే. ట్రాఫిక్. తాగుడు. అంబులెన్స్.

అంబులెన్స్ సంగతి దాచను. మూడేళ్ల కింద వినాయక నిమజ్జనం రోజు మన గల్లీలో ఒకాయనకి గుండెనొప్పి వస్తే, గల్లీ మొగలో డీజే లారీ అడ్డం. డ్రైవరు కనబడడు. చుట్టూ కుర్రాళ్లు తీన్‌మార్ ఆడుతున్నారు, మా అరుపు వాళ్లకి వినబడదు. ఇరవై నిమిషాలు. మంచం మీదే మోసుకుని మెయిన్ రోడ్డుకి తీసుకెళ్లాం. ఆయన ఇక్కడే కూర్చున్నాడు, రెండో వరసలో, ఇప్పుడు ఛాయ్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు. బతికాడు కాబట్టి నవ్వుతున్నాం. లేకపోతే ఈ మీటింగ్‌లో బండి మాట ఎత్తే ధైర్యం నాకుండేదా?

అందుకే నేను ఏది పడితే అది గల్లీలోకి రావాలనడం లేదు. లారీ వద్దు, ట్రాక్టరు వద్దు, మనుషులు తోసే బండి. ఆటో పక్కనుంచి పోయేంత వెడల్పు వదలాలి. మొగలో ఇద్దరు, చివర ఇద్దరు, విజిళ్లతో. వెనక నిలబడ్డ పిల్లలూ, మీరే. డీజేలు 2024 అక్టోబర్‌లోనే ఊరేగింపుల్లో పోలీసులు బంద్ పెట్టారు, మనం మళ్లీ దాని గురించి కొట్టుకోనక్కర్లేదు. డప్పులు చాలు. డప్పు చప్పుడు గుండెకి తగులుతుంది కానీ కిటికీ అద్దాలు పగలగొట్టదు. పక్క గల్లీలో నెలల పిల్ల ఉన్న ఇల్లుంది, ఆ ఇంటి ముందు ఆపకుండా నడవండి, అంతే.

లష్కర్ బోనాలకి చెప్పుకునే కథ మీకందరికీ తెలిసిందే. 1813లో మహమ్మారి, ఉజ్జయినికి పోయిన పటాలంలోని సురిటి అప్పయ్య మొక్కు, తిరిగొచ్చి అమ్మవారిని నిలబెట్టడం. రోగం తగ్గాలని పుట్టిన పండగ. 2014లో రాష్ట్ర పండగ అయింది, మంచిదే. 2020లో ఏమైంది? రోగం వల్లే ఆగింది. ఎవరింట్లో వాళ్లు బోనం చేసుకున్నాం. మా ఆవిడ కుండకి సున్నం, పసుపు, కుంకుమ పెట్టి, అన్నం, బెల్లం, పాలు కలిపి, పైన దీపం పెట్టి, వంటింటి నుంచి దేవుడి గది దాకా ఆరడుగులు నడిచింది. తిరిగి నన్ను చూసి, "కాళ్ల మీద నీళ్లు పొయ్యరా?" అంది. చెంబుతో పోశాను. ఇల్లంతా తడి. ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆఁ, ఛాయ్ వచ్చింది. ఒక్క నిమిషం, ఇదొక్కటీ అయిపోతే ఆపేస్తా.

చందా. పోయిన ఏడాది మన కుర్రాళ్లు క్యూఆర్ కోడ్ పెట్టారు, వాట్సాప్‌లో పంపారు. రెండు రోజుల్లో అంతకుముందు ఏడాదికన్నా ఎక్కువే వచ్చింది, లెక్క కూడా పక్కాగా ఉంది. శభాష్. కానీ నేను పుస్తకం పట్టుకుని పోయినప్పుడు ఏమయ్యేదో తెలుసా? తలుపు కొడితే లోపలికి రమ్మనేవాళ్లు. ఎవరింట్లో మంచం పట్టినవాళ్లున్నారో, ఎవరి పిల్లకి సంబంధాలు చూస్తున్నారో, ఎవరు ఇల్లు ఖాళీ చేస్తున్నారో నాకు తెలిసేది. మూల దుకాణంలో దర్జీ భాయ్ ప్రతి ఏడాదీ చందా ఇచ్చి, బండి వచ్చే రోజు మిషను లోపలికి జరిపి, ఆ చోట నీళ్ల డ్రమ్ము పెడతాడు. క్యూఆర్‌లో ఆయన పేరు లేదు. ఆయన ఇవ్వలేదనుకున్నారు. ఆయనది బటన్ల ఫోను.

క్యూఆర్ తీసేయమనను. ఉండనివ్వండి. పుస్తకం కూడా తిరగాలి. నాకు మోకాళ్లు సహకరించడం లేదు, కాబట్టి నాతో ఇద్దరు రావాలి, ఒకరు రాయడానికి, ఒకరు మెట్లు ఎక్కడానికి. అపార్ట్‌మెంట్ల నుంచి ఒకరు, బస్తీ నుంచి ఒకరు ఉంటే బాగుంటుంది. ఎవరు? చేతులెత్తండి. ఆ మెరూన్ షర్టు బాబూ, నువ్వా? మంచిది. ఇంకొకరు? సరే, ఛాయ్ తాగి చెప్పండి.

డబ్బు ఇక్కడ ఇవ్వకండమ్మా, పర్సు లోపల పెట్టుకోండి. గురువారం సాయంత్రం ఐదింటికి మొదలుపెడతాం, గల్లీ చివర నుంచి, రేకుల ఇంటి దగ్గర నుంచి. ఇంటికే వస్తాం, ఇంట్లో ఉండండి.